గెలిస్తే లేవాలి

ఆ వారమంతా పద్మలతకు ఒక్కచోట కాలు నిలవలేదు. బస్సులో సీటు దొరికినా అంచు మీదే కూర్చునేది. బడిలో ఆమె కుర్చీ గోడకు ఆనించింది ఆనించినట్లే ఉండేది. చాక్‌పీసు చేతిలో నలిగి పొడయ్యేదే కానీ బోర్డు మీద ఒక్క అంకె పడేది కాదు. ఇంట్లో కూరకు రెండుసార్లు ఉప్పేసి మొగుడితో మాటలు కూడా పడింది. ఇంతకీ ఈ పరేషానంతా దేనికయ్యా అంటే, నాలుగో తరగతి పిల్ల ఒకతి రోజూ ఆటలో ఓడిపోతున్నందుకు. నవ్వొస్తుంది కదూ? ఆమె మొగుడికీ వచ్చింది. అందుకే ఆ రాత్రి అతనికి ఆ ఉప్పుకూరే గతి అయింది.

ఆ పిల్ల పేరు అలేఖ్య. వేములవాడకు పోయే దారిలో, పొద్దస్తమానం సాంచెలు దడదడలాడే నేతకార్మికుల వాడలో సర్కారు బడి పిల్ల. సాంచెలంటే మరమగ్గాలే, ఆ వాడలో వాటిని ఇంకో పేరుతో ఎవరూ పిలవరు. తండ్రి సదానందం ఒక ఆసామి కార్ఖానాలో సాంచెలు నడుపుతాడు. తల్లి వినోద ఇంట్లో బీడీలు చుడుతుంది.

మూడో తరగతిలో ఉన్నప్పుడు ఈ పిల్లను చూసి పద్మలత తెగ మురిసిపోయేది. లెక్క సగం చదవగానే జవాబు వచ్చి పడేది. చెప్పి ఊరుకునేదా? "మేడం, గిట్ల గాకుంట ఇంకెట్ల జేయొచ్చు?" అని వెంటపడేది. అట్లాంటి పిల్ల నాలుగుకు వచ్చేసరికి కుదురుగా కూర్చోవడమే మానేసింది. కిటికీలోంచి చూపులు, పెన్సిల్ కొరకడం, పక్కపిల్ల జడ లాగడం. విసుగెందుకుండదు? వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చేయమంటే పెద్దవాళ్ళకే ఒళ్ళు మండుతుంది. పాపం, పద్మలతను మాత్రం ఏమనాలి? బడిలో ఇద్దరే టీచర్లు, ఐదు తరగతులు. వెనకబడ్డవాళ్ళను ముందుకు తోయడానికే పొద్దు చాలదు. ముందున్న పిల్లను పట్టించుకునేదెవరు?

ఆ గిల్టు పడలేకనే ఆటలు మొదలుపెట్టింది. ఆమె పుట్టిల్లు నస్పూర్. తండ్రి బొగ్గుబాయి నుంచి వచ్చి స్నానం చేశాక, గద్దె మీద సుద్దతో గీతలు గీసి కూతుళ్ళతో పులి-మేక ఆడేవాడు. ఆ గీతలే ఇప్పుడు తరగతి గది బండల మీద గీసింది. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. మేక మీదుగా దూకితే పులి ఆ మేకను తిన్నట్లు. ఐదు మేకలు తింటే పులులు గెలిచినట్లు. పులులు ఎటూ కదలకుండా మేకలు దారులన్నీ మూసేస్తే మేకలు గెలిచినట్లు. దానికి తన లెక్కొకటి కలిపింది. ఎత్తు వేసేముందు, పులులకు ఇంకా ఎన్ని దారులు తెరుచుకుని ఉన్నాయో పైకి చెప్పాలి. తప్పు చెబితే వంతు పోయినట్లే.

అబ్బో, ఏం సందడి! ఇరవైలోపు కూడికకే ఏడుపు మొహం పెట్టే ఓంప్రకాశ్ గడగడా దారులు లెక్కపెట్టేస్తుంటే పద్మలతకు కడుపు నిండిపోయింది. ఆ ఊపులో ఇంకో నియమం పెట్టింది. కొంప ముంచింది అదే.

గెలిచినవాళ్ళు లేవాలి. ఓడినవాళ్ళు కూర్చుని మళ్ళీ ఆడాలి.

రానివాళ్ళకు ఇంకో అవకాశం దొరకాలి కదా అని ఆమె ఉద్దేశం. మరి గెలిచినవాళ్ళు? వాళ్ళకు వచ్చేసింది కాబట్టి, పక్కగదిలో ఒకటో తరగతి పిల్లల ముందు లీడర్లుగా నిలబడి ఎక్కాలు చెప్పించాలి. రెండు గదుల బడిలో ఎక్కడ చూసినా నడిచే పద్ధతే ఇది. వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెప్పాలి, ఈలోగా టీచరు ఇంకో తరగతి చూసుకోవాలి. ఎవరికీ తప్పు కనబడదు. పద్మలతకూ కనబడలేదు.

మొదట్లో అలేఖ్య చకచకా గెలిచి లేచిపోయింది. తర్వాత ఓడడం మొదలుపెట్టింది. ఓడితే ఓడనీ, రోజూ ఓడడమేమిటి? మేకలు ఇచ్చినా ఓటమే, పులులు ఇచ్చినా ఓటమే. ఓంప్రకాశ్ చేతిలో ఓడింది. బొమ్మలు గీసుకోవడం తప్ప లోకం పట్టని పిల్లల చేతిలో ఓడింది. పద్మలత ముందు కళ్ళు మసకలేమో అనుకుని బోర్డు మీది రాతలు దూరం నుంచి చదివించింది. చూపు నిక్షేపంగా ఉంది. ఇంట్లో ఏమైనా గొడవలా అని వినోదను అడిగింది. "గొడవలేం లేవు మేడం, ఇంటికొచ్చి గూడ చింతగింజలే ముంగటేస్కుంటది" అంది ఆమె. మరి ఈ పిల్లకు ఏమైంది? తన ఆటే పాడుచేసిందా? ఆ అనుమానం తేలులా కుట్టడం మొదలుపెట్టాక పద్మలతకు తిండి సయించలేదు.

హెడ్మాస్టరు లక్ష్మీరాజం మంచివాడే కానీ భయస్థుడు. "ఆటలు జర బంద్ వెట్టుండ్రి మేడం. రేపు ఎవలన్న వచ్చి అడిగితే నేను జవాబు చెప్పాలె" అన్నాడు.

ఎవరో రావడం కాదు, సదానందమే వచ్చాడు. గురువారం పొద్దున ప్రార్థన అయ్యీ కాకముందే, చొక్కాకు అంటిన దూది పోగులు కూడా దులుపుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, మీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు. గొంతులో మాత్రం కావలసినంత ఉంది. "మా వాడల ఓంప్రకాశ్ అనే పోరడు నడివీధిల నిలవడి, మీ అలేఖ్యను రోజు నేనే ఓడగొడుతున్న అని చెప్పుకుంట తిరుగుతుండు. పోయినేడు ఫస్టొచ్చిన పిల్ల! చింతగింజల మీద కూసుండవెట్టి దాని తెలివంత ఖరాబు జేసిండ్రు. రేపు నా పాలి ఒడిసినంక, డ్యూటీ అయినంక వస్త. టీసీ ఇయ్యుండ్రి. మా కార్ఖానా పక్కన ఇంగ్లీషు మీడియం బడిల ఏస్త."

"అన్నా, జర ఆగు, నేను చూస్తున్న..."

"ఎన్ని దినాలు జూస్తరు మేడం? నాకు సాంచెల నడుమ చెవులు పోయినయి. దానికి గా గతి వట్టద్దు."

అతను వెళ్ళిపోయాడు. పద్మలత గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.  అలేఖ్య పోతే ఈ బడిలో తనను ఎదురు ప్రశ్న అడిగే పిల్ల ఇంకొకతి లేదు. ఆ ఇంగ్లీషు బడిలో బట్టీ పట్టించి పట్టించి ఆ ప్రశ్నలను చంపేస్తారు. ఇది ఆమెకు తెలుసు. పోనీయకుండా ఆపడం ఎలాగో తెలియదు.

మధ్యాహ్నం ఆట వేళ ఆమె ఈసారి అటూ ఇటూ తిరగలేదు. అలేఖ్య పక్కనే బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఓంప్రకాశ్, పులులతో.

"నాలుగు దారులు" అంది అలేఖ్య, గింజ పెడుతూ. సరిగ్గా నాలుగే. "రెండు" అంది తర్వాత. రెండే. ఓంప్రకాశ్ పులిని జరిపాడు. "ఒక్కటే" అంది అలేఖ్య. ఆ ఒక్కటీ ఎక్కడుందో పద్మలతకు కూడా కనబడింది. అక్కడ గింజ జరిపితే ఆట అయిపోతుంది. పిల్ల చెయ్యి ఆ సందు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్లు ఆగి, పక్కనున్న ఇంకో గింజను జరిపింది. ఓంప్రకాశ్ పులి ఎగిరి దూకి ఐదో మేకను తినేసింది. వాడు లేచి చొక్కా సర్దుకుంటూ పక్కగదిలోకి లీడరుగిరీ చేయడానికి పోయాడు. అలేఖ్య మొహంలో ఓడిన బాధ వీసమెత్తు లేదు. గింజలు గబగబా పోగుచేసి "ఇగ ఎవలొస్తరు?" అంటోంది.

దారులు లెక్కపెట్టడంలో ఒక్కసారి కూడా తప్పు పోని పిల్ల, ఎత్తు వేయడంలో ప్రతిసారీ ఎట్లా తప్పుతుంది? పద్మలత లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది.

"నిజం చెప్పు బిడ్డా. నువ్వు కావాలనే ఓడుతున్నవు గదా?"

అలేఖ్య కాలి బొటనవేలితో బండ మీద గీతలు గీసింది. కొట్టదని తేల్చుకున్నాక నోరు విప్పింది.

"గెలిస్తె లేపుతరు గద మేడం."

"అంటే?"

"ఒకటో తరగతోల్లకు రెండో ఎక్కం చెప్పుడు నాతోని గాదు మేడం. ఒక్కటే తీరు, ఒక్కటే తీరు. ఓడితె మల్ల ఆడొచ్చు. అందరితోని ఆడొచ్చు." అంతటితో ఆగలేదు. ఇన్నాళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేని గొప్ప కదా, కళ్ళు మెరిసిపోయాయి. "ఓడుడు గూడ అల్కగ గాదు మేడం! ఎంబటే ఓడితె ఓంప్రకాశ్‌కు ఎరుకైతది. ఆఖరుదాంక లాక్కపోయి, వాడే గెలిచిండు అనుకునేటట్టు ఓడాలె. వాడు ఏడ వెడుతడో ముందుగల్లనే సోంచాయించుకోవాలె."

పద్మలతకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెలివిగల పిల్ల విసుగు పోగొట్టడానికి ఆట పెట్టింది తనే. ఆ పిల్ల ఆడడం మొదలుపెట్టగానే చెయ్యి పట్టి లేపి, విసుగు పుట్టే చోటికి పంపిందీ తనే. గెలుపుకు శిక్ష వేసి, పిల్ల ఓడిపోతోందేమని వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రమే నియమం రద్దు చేసింది. నియమం రద్దయినంత సులువుగా టీసీ రద్దవుతుందా? రేపు సదానందం వస్తాడు. తన మాట వింటాడా?

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వచ్చాడు సదానందం. ఈసారి తెల్లచొక్కా వేసుకున్నాడు. లక్ష్మీరాజం బల్ల మీద టీసీ పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి మరీ సిద్ధంగా కూర్చున్నాడు. పద్మలతకు ఆ పెన్ను గుంజుకోవాలనిపించింది.

"అన్నా, ఒక్క మాట. మీ బిడ్డ ఓడిపోతలేదు, కావాలని ఓడుతంది" అని జరిగినదంతా చెప్పింది.

సదానందం నమ్మలేదు. "ఏం మాట్లాడుతుండ్రు మేడం? లోకంల ఎవలన్న కావాలని ఓడుతరా?"

"ఇయ్యాల నాతోని ఆడుతది. నేను చిన్నప్పటి సంది ఆడుతున్న, నన్ను ఓడగొట్టుడు మా నాయినతోనే అయ్యేది. ఆమె గెలిస్తే నమ్ముతరా?"

సదానందం ఆలోచించాడు. ఆలోచిస్తుంటే అతని మొహంలో కోపం కరిగి, ఏదో వెలుగు వచ్చింది. అది చూసి పద్మలతకు ప్రాణం లేచివచ్చింది. పాపం, ముందున్నది తెలియక!

"నమ్ముత మేడం. నా బిడ్డకు అంత తెలివున్నదంటే నాకన్న సంబురం ఎవలకుంటది? మా బావమరిది ఎప్పటిసంది మొత్తుకుంటుండు. కరీంనగర్ల పెద్ద ప్రైవేటు బడి ఉన్నదట, తెలివిగల్ల పిల్లలకు పరీక్ష వెట్టి, హాస్టల్ల ఫ్రీ సీటిస్తరట. ఇది గెలిస్తె సోమారమే తోల్కపోత. ఓడితె మా కార్ఖానా పక్క బడి ఉండనే ఉన్నది."

"అద్దీ మాట!" అన్నాడు లక్ష్మీరాజం. "ఎట్లైన టీసీ అయితె రాసుడే గద."

 పద్మలత తన గోతిని తనే తవ్వుకుని, పైగా అందులోకి దారి కూడా చూపించింది. తెలివి లేదంటే తీసుకుపోతాడు, ఉందంటే ఇంకా దూరం తీసుకుపోతాడు. అతన్ని తప్పుపట్టేదేముంది? బిడ్డ బాగుపడాలనే కదా అతని ఆరాటం. తెలివి ఉన్న పిల్ల ఇక్కడే ఎందుకు ఉండకూడదో ఆ తండ్రికి చెప్పమంటే తనైనా ఏం చెప్పగలదు? నిన్నటిదాకా తను చేసింది కూడా అదే, గెలవగానే లేపడం.

గుమ్మం దగ్గర అలేఖ్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో, ఎంత విందో ఎవరూ గమనించలేదు. పిల్ల మొహం పాలిపోయి ఉంది.

ముగ్గురు పెద్దలూ తరగతి గదిలోకి వచ్చారు. పిల్లలు చుట్టూ మూగారు. పద్మలత పులులు తీసుకుంది, అలేఖ్య మేకలు.  వీధిలోంచి సాంచెల దడదడ తప్ప ఇంకో చప్పుడు లేదు.

పద్మలత ఊరికే ఆడలేదు. మనసులో ఎంత గందరగోళం ఉన్నా చేతిలోకి పులి రాగానే తండ్రి నేర్పిన ఆట వేళ్ళలోకి వచ్చేసింది. మొదట్లోనే రెండు మేకలు తినేసింది. సదానందం నాలుక చప్పరించాడు. అలేఖ్య తల ఎత్తలేదు. "ఆరు దారులు" అంది. "నాలుగు." "మూడు." గింజలన్నీ దిగిపోయేసరికి పద్మలత చూసుకుంటే రెండు పులులు కదలకుండా ఇరుక్కుపోయి ఉన్నాయి! ఎప్పుడు ఇరుక్కున్నాయో ఆమెకే అర్థం కాలేదు. మూడో పులికి ముందొక గడి మిగిలింది, అంతే. ఆమె పులిని ముందుకు జరిపింది. అది వదిలిన వెనక గడి ఖాళీ అయింది. దాని పక్కనే అలేఖ్య మేక ఉంది. ఆ మేకను ఖాళీలోకి జరిపితే పులుల పని అయిపోయినట్లే.

అలేఖ్య ఆ మేకను ముట్టుకోలేదు. ఆ చివర ఎవరికీ పట్టని మేకనొకదాన్ని ఒక గడి జరిపింది. "ఒక్కటి" అంది.

పద్మలతకు ఉన్నది ఒకటే ఎత్తు, పులిని వెనక్కు జరిపింది. అలేఖ్య అదే మేకను మొదటి గడికి జరిపింది. "ఒక్కటి." పులి మళ్ళీ ముందుకు. మేక మళ్ళీ అటు. పులి వెనక్కు. మేక ఇటు.

సదానందం ముందు అర్థం కాక చూశాడు. తర్వాత వంగాడు. ఆ తర్వాత తెల్లచొక్కా సంగతి మరిచి బండ మీదే గొంతుకూర్చున్నాడు. దారం తెగితే అంత దూరం నుంచి పసిగట్టే కళ్ళు కదా, ఆ సందు పట్టుకోవడానికి ఎంతసేపు!

"బిడ్డా, గాడ వెట్టు! గా సందు మూస్తె పులి కట్టువడతది! కనవడ్తలేదా?"

"కనవడ్తంది బాపు."

"మరి పెట్టవేందే?"

అలేఖ్య మేకను అటు జరిపి, పులి కదిలేదాకా ఆగి, మళ్ళీ ఇటు జరిపింది.

"పెడితె గెలుస్త. గెలిస్తె కరీంనగర్ తోల్కపోతవు. ఓడితె గా బడికి తోల్కపోతవు." వేలు గింజ మీది నుంచి జారలేదు. "ఆట ఒడువకుంటె ఏడికి తోల్కపోతవు బాపు?"

 లక్ష్మీరాజం ఊరికే గొంతు సవరించుకున్నాడు. పద్మలత వేళ్ళు పులి మీదే ఉండిపోయాయి. ఈ పసిది తన బుద్ధినంతా ధారపోసి, గెలవకుండా ఓడకుండా మిగిలే ఒక్క దారి వెతుక్కుంది. అదీ ఎంత ఒంటరిగా! పిల్లను దగ్గరికి లాక్కోవాలనిపించింది. లాక్కుంటే ఆట చెదురుతుందని ఆగింది.

సదానందం కళ్ళు ఆ గీతల మీదే ఉన్నాయి. జేబులో ఫోన్ మోగింది, తీసి చూసి ఆపేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆపేశాడు.

"ఎవలకన్న కావాలని ఓడే తెలివుంటదా అనుకున్న" అన్నాడు ఎవరితోనో అన్నట్లు. "గెలిచేదాన్ని చేతుల వట్టుకోని గెలువకుంట కూసుండే తెలివి గూడ ఉంటదా?"

లేచాడు. మోకాళ్ళకు అంటిన సుద్ద దులుపుకోలేదు. లక్ష్మీరాజం ఆశగా అడిగాడు, "మరి టీసీ రాయాల్నా?"

"ఆట ఒడువలే గద సారూ" అన్నాడు సదానందం. "మాటంటె మాటే. ఒడిసినంక సూద్దాం." పద్మలత వైపు తిరిగి, కళ్ళు కలపకుండా అన్నాడు, "మేడం, ఊడ్శేటామెకు జెప్పుండ్రి, గీతలు చెరుపద్దని. నేను రేపొస్త."

అతను వాకిలి దాటేదాకా అలేఖ్య తల ఎత్తలేదు. దాటాక ఎత్తింది. మొహంలో నవ్వు లేదు, ఏడుపు లేదు. రేపటికి ఎత్తు ఏమిటా అని ఇప్పుడే లెక్క మొదలుపెట్టినట్లుంది. పద్మలతకు తెలుసు, రేపంటే రేపే, ఎల్లుండి కాదు. ఆ తండ్రికి చెప్పవలసిన మాట ఒకటి తన దగ్గర ఇంకా తయారుగా లేదనీ తెలుసు. రేపటిలోగా దాన్ని వెతుక్కోవాలి. అయినా ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె కాళ్ళు బండ మీద కదలకుండా ఉన్నాయి.

"మేడం" అంది అలేఖ్య, "ఆడుండ్రి. మీదే వంతు."

పద్మలత పులిని ముందుకు జరిపింది.